నడిమధ్యన నిలబడమాక

ఎత్తిపోతల వెళ్ళింది జలపాతం చూడ్డానికి. చూసి వచ్చింది మాత్రం రాక్షసబల్లుల మధ్య ఒక తన్నులాట. ఈ మాట చెబితే మా వారు ఇప్పటికీ నవ్వుతారు గానీ, జరిగింది అదే.

వానాకాలంలో ఎత్తిపోతల చూడాలని నాకు చాలా ఏళ్ళ కోరిక. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు మూడూ కలిసి 70 అడుగుల కిందకి ఒక్కపెట్టున దూకుతాయి. పూర్వం యతులు తపస్సు చేసుకున్న చోటు గనక యతి తపోతలం అనేవారనీ, అది జనం నోళ్ళలో నలిగి ఎత్తిపోతల అయిందనీ మా వైపు చెప్పుకుంటారు. ఇప్పుడక్కడ తపస్సు చేసేవి కింద మడుగులోని మొసళ్ళే. వాటిని పెంచే కేంద్రం ఉందక్కడ. ఒడ్డున బండరాళ్ళలా పడుకుని, ఎవరి జోలికీ పోకుండా, లోకంతో తమకేం పని లేనట్టుంటాయి. రెండు కార్ల నిండా బంధుజనంతో వెళ్ళాం. నీళ్ళు చూశాం, మొసళ్ళని చూశాం, రంగనాథస్వామికీ దత్తాత్రేయుడికీ దణ్ణం పెట్టుకున్నాం. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. వదిలితేనా! బస చేసిన గదుల్లో ఇరుక్కుపోయాం.

అప్పుడు మా తమ్ముడు సంచీలోంచి సబ్బుబిళ్ళంత డబ్బా ఒకటి తీసి గదిలో టీవీకి తగిలించాడు. పాత వీడియో గేములన్నీ అందులో ఉన్నాయట. వాడూ, వాడి కూతురు బుజ్జీ చెరొక హ్యాండిల్ పుచ్చుకుని కూర్చున్నారు. టీవీలోంచి "ధన్, ధన్" మని గుద్దులు మొదలయ్యాయి. పదకొండేళ్ళ పిల్ల! మంచం మీద మఠం వేసుకుని, పళ్ళు బిగబట్టి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు తంతోంది.

మా మరదలికి ఒళ్ళు మండింది. "వదినా, మీరు కథలు రాసేవాళ్ళు కదా. మంచేదో చెడేదో మీకు తెలుస్తుంది. మీరైనా చెప్పండి. ఆడపిల్లకి ఈ తన్నుకోడాలేమిటి?" అంది.

చెప్పొద్దూ, నాకూ చెడ్డదనే తీర్పు నాలిక చివరదాకా వచ్చింది. కానీ చదవకుండానే నవలని తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. నా నవలలకే ఆ శాస్తి జరిగింది. అంచేత "ఉండు, ముందు చూడనీ" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఆ చూడ్డం సాయంత్రం దాకా సాగింది.

ఆ ఆట పేరు తెరమీద "క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్" అని ఉంటుంది. ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేను మన దేశంలో చూడలేదు. మనవాళ్ళకది "ముస్తఫా". ఇప్పుడు నలభై దాటిన ఏ తెలుగు మగాణ్ణయినా ముస్తఫా గేమ్ అని అడగండి, వాడి మొహం పదమూడేళ్ళ వాడిదైపోతుంది. 1993లో జపాను దేశపు క్యాప్‌కామ్ కంపెనీ చేసింది. దానికి మూలం మార్క్ షుల్ట్స్ అనే అమెరికన్ చిత్రకారుడు 1980ల చివర్లో మొదలుపెట్టిన "జెనోజోయిక్ టేల్స్" అనే బొమ్మల కథ. భూమి ఒకసారి పాడైపోయి, మనుషులు కొన్ని వందల ఏళ్ళు నేల కింద తలదాచుకుని, తిరిగి పైకి వచ్చేసరికి రాక్షసబల్లులు మళ్ళీ తిరుగుతుంటాయి. జాక్ టెన్రెక్ అనే మెకానిక్కు పాత క్యాడిలాక్ కార్లని బాగుచేసి, బల్లుల పెంటతో నడుపుతుంటాడు. మన గోబర్ గ్యాస్ లాంటిదే అనుకోండి. ఆటలోకి వచ్చేసరికి ఆ కథలో మిగిలింది ఇంతే: దొంగవేటగాళ్ళు జంతువుల్ని చంపుతున్నారు, జంతువులు రెచ్చిపోయి ఊళ్ళమీద పడుతున్నాయి, జాక్, అతని స్నేహితులు వేటగాళ్ళ భరతం పట్టాలి.

ఆడేవాళ్ళకి నలుగురు వేషగాళ్ళున్నారు. జాక్, ముస్తఫా, మెస్ అనే భారీ మనిషి, హానా అనే ఆడమనిషి. వాళ్ళలో ముస్తఫా అందరికంటే చురుగ్గా పరిగెడతాడు, ఎగిరి తంతాడు. అందుకే మన కుర్రాళ్ళు మొదట అతన్నే ఎంచుకునేవారు. పైగా మిగతావి నోరు తిరగని పేర్లాయె, ముస్తఫా అంటే మన వీధిలో మనిషి పేరు. 1996లో ప్రేమదేశం సినిమా వచ్చి, అందులో ముస్తఫా పాట ఊరూరా మోగాక ఇక చెప్పేదేముంది.

నాకెలా తెలుసంటారా? అక్కడే ఉంది నా కథ కొంచెం.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మేమున్న ఊళ్ళో ఒక వీడియో గేముల కొట్టు వెలిసింది. రేకుల షెడ్డు, నీలం రంగు తెర, లోపల మూడు పెట్టెలు. రూపాయిస్తే ఒక కాయిన్. తమ్ముడు ట్యూషన్ అని చెప్పి అక్కడ తేలేవాడు. చీకటి పడితే వాణ్ణి ఈడ్చుకొచ్చే పని నాది. తెర పక్కన నిలబడి పిలిచేదాన్ని. "లాస్ట్ లైఫక్కా, లాస్ట్ లైఫు" అనేవాడు. ఆ లాస్ట్ లైఫు అయ్యేదాకా గడప అవతల నుంచి, తెర సందులోంచి చూస్తూ నిలబడేదాన్ని. రోజూ చూసేదే గనక దారులన్నీ నాకూ తెలిసిపోయాయి. పీపా పగలగొడితే ఏమొస్తుందో, ఎవడు వెనకనుంచి వస్తాడో. ఒకరోజు నా దగ్గర సొంత రూపాయి ఉంది. గడప లోపల కాలు పెట్టాను. కొట్టువాడు తల కూడా ఎత్తకుండా, "ఆడపిల్లలకి ఇక్కడేం పని, బయట నిలబడు" అన్నాడు. లోపలి మగపిల్లలు నవ్వారు. నవ్విన వాళ్ళలో మా తమ్ముడు లేడు. లేడు గానీ, వాడు తల తిప్పి తెరకేసే చూశాడు. ఆ రూపాయితో ఏం కొన్నానో గుర్తులేదు. తల తిప్పుకోడం గుర్తుంది.

సరే, మళ్ళీ ఎత్తిపోతలకి వద్దాం. బుజ్జి మొదటి స్టేజిలోనే మూడుసార్లు చచ్చింది. మా వాడు ఆట ఆపి పాఠం మొదలుపెట్టాడు. బి.ఏ.లో మా లెక్చరర్లు ఎవరూ అంత శ్రద్ధగా పాఠం చెప్పలేదని నా ఫిర్యాదు.

"ముందు ఒకటి నేర్చుకో. నడిమధ్యన నిలబడమాక. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఉంటే ఎవణ్ణి కొట్టినా రెండోవాడు వీపు మీద ఇస్తాడు. చుట్టూ తిరిగి బయటికి రా. అందరూ ఒకేపక్కన ఉండేట్టు చూసుకో. అప్పుడు నలుగురైనా ఒకడే."

ఇది విని నేను నిటారుగా కూర్చున్నాను. పద్మవ్యూహం కథ చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. అభిమన్యుడికి లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలీదని ప్రతివాళ్ళూ చెప్పారు. అసలు మధ్యలో పడకుండా ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మా తమ్ముడు ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

"ఎదురుగా పోమాక. వీధి బొమ్మలో పైకీ కిందకీ కూడా నడవొచ్చు కదా. వాడి వరసలో నువ్వుంటేనే వాడి దెబ్బ తగులుద్ది. కొంచెం పైనుంచి ఏటవాలుగా రా, ఆఖర్న వరసలోకి దిగి కొట్టు."

"దగ్గరికంటా పోతే చెయ్యి దానంతటదే వాణ్ణి పట్టుకుంటది. పట్టుకున్నోణ్ణి గుద్దుతా కూచోమాక. తీసి మిగతావాళ్ళ మీద పడెయ్యి. ఒక్క విసురుకి ముగ్గురు పడతారు."

ఆ తర్వాతి సలహా నాకు అన్నిటికంటే నచ్చింది. ఆటకి రెండే బటన్లు. ఒకటి కొట్టడానికి, ఒకటి ఎగరడానికి. రెండూ కలిపి నొక్కితే మనిషి గిర్రున తిరిగి చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ ఒకేసారి పడగొడతాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ తగిలిన ప్రతిసారీ కొట్టినవాడి ప్రాణం కొంత తరిగిపోతుంది. కొత్తగా ఆడేవాళ్ళంతా భయంకొద్దీ అదే పనిగా రెండూ నొక్కి, శత్రువు చెయ్యి పడకుండానే సగం చస్తారట. "అది చుట్టూ మూగి, ఊపిరాడనప్పుడే వాడాల" అన్నాడు. నేనూ మా మరదలూ మొహమొహాలు చూసుకున్నాం. మనలో చాలామందిమి ఇంట్లో చిన్న విషయానికే ఆ రెండు బటన్లూ కలిపి నొక్కుతాం. ఎదుటివాళ్ళు దులుపుకుని లేచి పోతారు. తలనొప్పి మనకి.

తిండి సంగతి మరీ వింత. పీపా పగిలితే అందులోంచి వేయించిన మాంసమో మరేదో నేలమీద పడుతుంది. అది తీసుకుంటే తగ్గిన ప్రాణం తిరిగి వస్తుంది. బుజ్జి కనబడ్డదల్లా గభాల్న తినేస్తోంది. "లైఫ్ నిండుగా ఉన్నప్పుడు తింటే దండగ. అక్కడే ఉంచు. సగం పోయాక వెనక్కొచ్చి తిను" అన్నాడు వాడు. నేలమీద పడ్డది తినడమా అని మా మరదలు. ఆకలైనప్పుడే తినమంటున్నాడు కదా, అదే మాట నువ్వు రోజూ చెబితే వింటోందా అన్నాను. ఇంకో సలహా, తుపాకీ దొరికితే చిల్లర మనుషుల మీద గుళ్ళన్నీ తగలెయ్యొద్దని. స్టేజి చివర పెద్దవాడుంటాడు, వాడి కోసం దాచుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా ఇళ్ళు నడుపుతున్న వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, ముందుకి పోదాం.

వింటుంటే నాకొక సంగతి తట్టింది. ఈ సలహాలన్నీ ఎక్కడనుంచి వచ్చాయి? ఆటలో ఎవరూ చెప్పరు. అది కాయిన్ల పెట్టె. తొందరగా చంపితేనే రెండో రూపాయి పడేది. ఓడిపోగానే తెరమీద అంకెలు తొమ్మిది, ఎనిమిది, ఏడు అంటూ దిగుతాయి. సున్నా అయ్యేలోగా ఇంకో కాయిన్ వేస్తే చచ్చినచోటే లేస్తావు, లేకపోతే మొదటినుంచీ. అంత అవమానకరమైన ఎత్తుగడ నేను ఏ డిటెక్టివ్ సీరియల్లోనూ చూడలేదు. సస్పెన్సులో ఆపి వచ్చేవారం అనడం మేం రచయితలం చేసే పాపమే, కానీ తొమ్మిది లెక్కపెట్టేలోగా పత్రిక కొనమని ఎవరమూ బెదిరించలేదు. అంచేత పది రూపాయలు లేని పిల్లలు ఒకరి భుజం మీంచి ఒకరు చూసి నేర్చుకున్నారు. చిట్కా తెలిసినవాడు ఆ కొట్లో షావుకారు. తెలియనివాడు వాడి వెనక నిలబడాలి. మరి లోపలికే రానివ్వని వాళ్ళు?

గుణదోషాలు చెప్పాలంటే, ముందు మెచ్చుకోవలసింది చెబుతాను. ఇలాంటి తన్నులాటల్లో దీనికంటే ముందు పేరు పడ్డవి రెండు, 1987 నాటి డబుల్ డ్రాగన్, 1989లో ఇదే కంపెనీ చేసిన ఫైనల్ ఫైట్. రెండిటి కథా ఒకటే. మొదటిదాంట్లో మారియన్ అనే అమ్మాయిని దుండగులు ఎత్తుకుపోతారు. రెండోదాంట్లో జెస్సికా అనే మేయరుగారి కూతుర్ని ఎత్తుకుపోతారు. మగవాళ్ళు వీధులన్నీ తన్నుకుంటూ పోయి తెచ్చుకుంటారు. మనకి సీతాపహరణం ఉంది, కొత్తేం కాదు. ఎటొచ్చీ సీత మాట్లాడుతుంది. గడ్డిపరక అడ్డం పెట్టి రావణాసురుణ్ణి దులిపేస్తుంది. ఈ అమ్మాయిలకి ఆ గడ్డిపరక కూడా ఇవ్వలేదు. ముస్తఫాలో అది లేదు. హానా ఎవరో వచ్చి విడిపించాల్సిన మనిషి కాదు. నలుగురిలో ఒకతె. ఆయుధం చేతికిస్తే అందరికంటే నేర్పుగా వాడుతుంది. 1993లో అది చిన్న సంగతి కాదు.

కానీ బొమ్మల కథలో హానా వేరు. వస్సూన్ అనే నగరం నుంచి వచ్చిన రాయబారి ఆమె, చదువుకున్న మనిషి. జాక్ మొండిగా మాట్లాడితే ఎదిరించి వాదిస్తుంది. ఆటలో ఆ మాటంతా పోయింది. రాయబారి నోరు నొక్కేసి చెయ్యి మాత్రం ఉంచారు. పల్నాటివాళ్ళకి ఇది ఎక్కడో తగులుతుంది. మా కథలోనూ అలరాజు రాయబారానికే వెళ్ళాడు. విషం పెట్టి చంపారు. రాయబారి చచ్చాక ఇక మిగిలింది కారెంపూడి.

నా అసలు ఫిర్యాదు కూడా అక్కడే. ఈ ఆటలో పడ్డవాడు ఒక్క కేక పెట్టి, రెండుసార్లు మిణుక్కుమని మాయమైపోతాడు. వీధి శుభ్రం. అదే మనిషి, అదే మొహంతో మళ్ళీ పక్క సందులోంచి వస్తాడు. ఎంతమందిని కొట్టామో లెక్క ఉంది, పైన అంకెలు పెరుగుతుంటాయి, ఎవర్ని కొట్టామో మాత్రం గుర్తుండదు. ఎత్తిపోతలకి అంత దూరం కాని కారెంపూడిలో 12వ శతాబ్దం చివర జరిగిన యుద్ధంలో చచ్చినవాళ్ళకి ఇప్పటికీ గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వాళ్ళ పేరున ఉత్సవం జరుగుతుంది. వాళ్ళ ఆయుధాల్ని తెచ్చి పూజిస్తారు. ఇటువాళ్ళా అటువాళ్ళా అని కాదు, చచ్చినవాడు మాయం కాకూడదని. ఇంత చిన్న విషయం ఆ ఆట రాసినవాళ్ళకి తట్టలేదు, లేదా తట్టినా కాయిన్ పెట్టెలో పట్టలేదు.

బాలచంద్రుడు కూడా ఆటలోంచే యుద్ధంలోకి పోయాడని మరిచిపోకండి. తల్లి ఐతమ్మ యుద్ధం మాటే చెవిన పడకుండా పెంచింది. వాడు బొంగరాలాడుతుంటే బొంగరం ఎగిరి ఒకావిడ కాలికి తగిలింది. అక్కడ నీవాళ్ళు యుద్ధంలో ఉంటే ఇక్కడ నీ ప్రతాపమా అని ఆవిడ దెప్పింది. అంతే. భార్య మాంచాల కత్తి చేతికిచ్చి పంపింది. ఇంత కథా నడిపినవాళ్ళు, తల్లి, దెప్పినావిడ, మాంచాల, అటు పక్కన నాగమ్మ, అందరూ ఆడవాళ్ళే. రాజ్యం నడిపిన మంత్రి నాగమ్మ. ఆవిణ్ణి 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి వేశారు. ఇద్దరు మహానటులు కావలసి వచ్చారు, అయినా చూసి బయటికొచ్చేటప్పుడు జనం నాగమ్మని తిట్టుకుంటూనే వచ్చారు. ఎత్తుకి పై ఎత్తు వేస్తే మగవాడు నేర్పరి, ఆడది జిత్తులమారి. హానానీ అంతే. ఆ కొట్లో హానాని తీసుకున్నవాణ్ణి మిగతావాళ్ళు ఏడిపించేవారని మా తమ్ముడే ఒప్పుకున్నాడు.

బుజ్జి మాత్రం మొదటినుంచీ హానానే తీసుకుంది. ఎందుకే అంటే, "ముస్తఫా నాన్న తీసుకున్నాడు కదత్తా" అంది. ఎంత గొప్ప కారణం వెతుకుతున్నానో నేను!

సాయంత్రానికి మా మరదలు తీర్పు అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కథ నాసి. గుద్దులు ఎక్కువ, మనుషులు తక్కువ. రోజుకి గంట దాటితే నేనే డబ్బా తీసి మడుగులో మొసళ్ళకి వేస్తాను. కానీ దాని నిర్మాణంలో అబద్ధం లేదు. దెబ్బ తిన్నావంటే ఎందుకు తిన్నావో కనిపిస్తుంది, రెండోసారి అక్కడ నిలబడవు. మన పిల్లలకి మనం చెప్పే బుద్ధుల్లో, అణిగి ఉండు, తల వంచుకుని పో, ఎవరేమన్నా పట్టించుకోకు, వీటిల్లో ఏ ఒక్కదానికీ ఆ గుణం లేదు. నడిమధ్యన నిలబడొద్దనీ, చుట్టుముడితే దారి ఎటో చూసుకోమనీ నాకు పదిహేడేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. బస్సుల్లోనైనా పనికొచ్చేది.

మరదలు ఒప్పుకోలేదు. "బస్సులో రెండు బటన్లుండవు వదినా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

తమ్ముడు లేచి వాడి హ్యాండిల్ నా చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు. ఆ రేకుల షెడ్డు సంగతి వాడికి గుర్తుందో లేదో నేనడగలేదు. పెట్టేటప్పుడు మాత్రం నా మొహంకేసే చూశాడు.

"అత్తా, నువ్వు కింద వరసలో ఉండు, నేను పైనుంచి వస్తా. తినేది నాకు చెప్పకుండా తీసుకోమాక" అంది బుజ్జి.

మొదటి స్టేజి దాటాం. రెండో స్టేజిలో బుచర్ అని రెండు కత్తులవాడు వస్తాడు. నలభై ఆరేళ్ళ వయసులో, ఎం.ఏ. తెలుగుతో, వాడి చేతిలో నాలుగుసార్లు చచ్చాను. ప్రతిసారీ భయంకొద్దీ రెండు బటన్లూ కలిపే నొక్కాను. బయట వాన తెరిపిచ్చింది, జలపాతం హోరు గదిలోకి వినబడుతోంది, మరదలు టీకి పిలుస్తోంది. తెరమీద ఏడు, ఆరు అని అంకెలు దిగుతున్నాయి. "అయిదు" అని అరిచి, బుజ్జి నా చేతి మీంచి వంగి కాయిన్ బటన్ నొక్కింది.